సొరపాదుకి కాపలా ఉన్న బూట్లు

మా ఆయన పోయాక చీరల మూట నెత్తిన పెట్టుకుని పెదబయలు కొండల్లో ఊరూరా తిరిగేదాన్ని. ముళ్లు గుచ్చుకోకుండా రబ్బరు బూట్లు కొన్నాను. వానాకాలంలో అవి లోపల నాని ఒకటే కంపు. ఆ సిగ్గుకి ఎవరింట్లోకీ అడుగుపెట్టక, మూట వాకిట్లోనే విప్పేదాన్ని. వానలో తడిసే చీర ఎవరు కొంటారు? బేరాలు పోయాయి.

ఓ ఊళ్లో ఒకావిడ చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఇంటికొచ్చినవాళ్ల కాళ్లు ఇంటావిడే కడుగుతుందట.

"ఏటప్పా, కాళ్లు దాసుకుంటన్నావు? బేగి ఇప్పీ."

"వద్దమ్మా, కంపు."

"మా ముసలోడి కాళ్లకన్నానా? ఆ కంపుతోనే నలుగురు పిల్లల్ని కన్నాను."

నవ్వుతూ తనే కడిగింది. విధవ ఎదురైతే పక్కకి తప్పుకునే ఊరు నాది. నాకు ఏడుపొచ్చింది.

లోపల మూట విప్పితే రెండు చీరలు తీసుకుంది. వెళ్లేటప్పుడు తన టైరు చెప్పులు నా ముందు పడేసింది.

"ఇయ్యేసుకో. వేళ్లకి గాలాడితే కంపుండదు. ఆ బూట్లు నాకిచ్చీ, సొరపాదుకి కడతాను. మేకలు దరికి రావు."

ఆ వానాకాలమంతా ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోకీ వెళ్లి కూర్చున్నాను. సొరకాయలు మాత్రం ఆవిడ పాదుకే విరగకాశాయి.