మోటార్ల జ్ఞానేశ్వరి బాకు ప్రయాణం

సిద్దిపేటలో బోరు మోటార్లమ్మే జ్ఞానేశ్వరికి బోరు లోతు చెప్తే చాలు. ఎన్ని హార్స్‌పవర్ మోటారు కావాలో, పైపులెన్ని పడతాయో అప్పటికప్పుడు చెప్పేస్తుంది. భర్త నాగేశం పోయాక దుకాణం మూతపడుతుందన్నవాళ్లే ఇప్పుడు ఆమె ముందు స్టూలు లాక్కుని కూర్చుని బేరమాడుతున్నారు. అంతటి మనిషి ఒక్క చోటికి మాత్రం పోదు. తను అమ్మిన మోటారు బోరులో దిగే చోటికి.

ఎవరూ రావద్దనలేదు. అలా మొహం మీద అనేంత మొరటువాళ్లు కారు మనవాళ్లు, పిలవరు, అంతే. మోటారుకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ముత్తయిదువ చేత స్టార్టర్ నొక్కిస్తారు. అక్కడ మొగుడు లేని మనిషి నిలబడి, తర్వాత ఎప్పుడో ఆ బోరు ఎండితే? ఆమె కళ్లు పడ్డందుకే అంటారు. ఆ మాట అక్కన్నపేటలో పుడితే సాయంత్రానికి కుకునూరుపల్లి చేరుతుంది, దుకాణానికి తాళం పడుతుంది. అందుకని మెకానిక్‌ను పంపించి తను గల్లా దగ్గరే కూర్చుంటుంది. నీళ్లు పడ్డ సంగతి ఫోన్లో వింటుంది. తనమ్మిన మోటారు పోసే నీళ్లను ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదన్న బాధ ఆమెకు చాలానే ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఈ ఏడు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ అజర్‌బైజాన్ దేశంలో సముద్రం ఒడ్డునున్న బాకు నగరానికి తీసుకుపోయింది. ఇలాంటి టూర్లకు మగవాళ్లు ఎందుకు ఎగబడతారో సిద్దిపేటలో అందరికీ తెలుసు. జ్ఞానేశ్వరి మాత్రం కాలేజీలో చదివే కూతురు అనూహ్యను వెంటబెట్టుకుని, స్వెటర్లు, ఒక డబ్బా సకినాలు సర్దుకుని బయల్దేరింది.

ఒక పొద్దున బస్సు పాత చమురు బావుల దగ్గర ఆగింది. యంత్రంతో తవ్విన మొట్టమొదటి చమురు బావుల్లో ఒకటి ఇక్కడే ఉందని, దాన్ని తవ్వి నూట డెబ్బై ఏళ్లు దాటిందని గైడు హిందీలో చెప్పాడు. ఆ బావికి గుర్తుగా చెక్కతో ఒక బురుజు నిలబెట్టారు. చుట్టుపక్కల ఇనుప పంపులు మాత్రం తలలూపుతూ ఇంకా చమురు తోడుతున్నాయి. వాటి వెనక సముద్రం నిమ్మళంగా ఉంది. భూమిలోంచి ఏదైనా పైకి లాగే యంత్రం కనబడితే మనవాళ్ల చేతులు ఊరుకుంటాయా?

గజ్వేల్ డీలర్ కర్ణాకర్ సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు. అంత దూరం విమానంలో దాన్ని మోసుకొచ్చిన మహానుభావుడతను!

"బాయికాడికి ఉత్త చేతులతోటి వస్తమా?" అంటూ కుంకుమ పొట్లం భార్య మనీషకిచ్చాడు. మనీష పంపు చుట్టూ ఉన్న కంచెకు బొట్టు పెడుతుంటే జ్ఞానేశ్వరి వెనక్కి జరిగింది. ఆమె అనుకుని జరగలేదు. కాళ్లు వాటంతటవే జరిగాయి.

"అమ్మా, గంత దూరం పోతున్నవేంది?" అంది అనూహ్య, అందరికీ వినబడేలా.

"ఏం లేదు బిడ్డా, చలి పెడుతుంది."

"ఎనుకకు పోతె చలి తగ్గుతదా?"

కర్ణాకర్ నేలచూపులు చూశాడు. జ్ఞానేశ్వరికి ముందు సిగ్గేసింది, వెంటనే కోపమూ వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. కాసేపు పంపు వైపే చూసింది.

"కర్ణాకర్ తమ్మీ, గీ బాయిలను ఇన్నేండ్ల సంది ఎంతమంది చూసి ఉంటరు?"

"లక్షల మంది చూసుంటరక్కా."

"అండ్ల మొగుడు లేనోళ్లు లేకుంటనే ఉంటరా?"

అతను కొబ్బరికాయను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మరి గిదింక తోడుతనే ఉన్నది గదా!" అని జ్ఞానేశ్వరి ముందుకొచ్చి, మనీష చేతిలోని కుంకుమ తీసుకుని తనూ ఒక బొట్టు పెట్టింది. అంతలో కాపలావాడు ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చి, ముత్తయిదువ ఎవరో కానిది ఎవరో చూడకుండా అందర్నీ ఒకే తీరుగా తరిమాడు.

పరాయి దేశంలో ధైర్యం చేయడం తేలికే. అక్కడ ఏ రైతు పొలమూ ఎండదు, ఎవరూ నింద వేయరు. తిరిగొచ్చిన కొన్నాళ్లకు అక్కన్నపేట రైతు బాలయ్య కొత్త బోరుకు మోటారు కొనడానికి వచ్చాడు. బేరం కుదిరాక జ్ఞానేశ్వరి గొంతు సవరించుకుంది.

"బాలన్నా, రేపు మోటర్ దించేటప్పుడు నేను గూడ వస్త."

బాలయ్య తల గోక్కున్నాడు. "మా అవ్వనడిగి చెప్త చెల్లె" అని, మోటారు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

బేరం పోయిందనుకుంది జ్ఞానేశ్వరి. పోయేది ఆ ఒక్క బేరమే కాదు. బాలయ్య తల్లి కొండవ్వ నోట్లో పడ్డ మాట ఊరంతా తిరిగి గానీ ఆగదు. అన్న మాట వెనక్కి తీసుకుందామా అని ఫోన్ చేతిలోకి తీసుకుంది. మళ్లీ గల్లా మీద పెట్టేసింది.

పొద్దున్నే బాలయ్యే ఫోన్ చేశాడు.

"చెల్లె, మోటర్ ఏసుకొని జర జెల్ది రా. మా నాయిన పోయినకాన్నుంచి అవ్వ ఒక్క బోరుకాడికి గూడ రాలె. ఇయ్యాల మాకంటె ముందే పోయి గాడ కూసున్నది. నువ్వు వచ్చేదాంక స్టార్టర్ ఎవలనూ ముట్టనియ్యనంటుంది."