చేపమ్మ కొలతలు

ఈతకొలను దగ్గర ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకూ, వాళ్ళ తల్లులకూ, గేటు దగ్గర టిక్కెట్లు చింపే పెద్దాయనకూ ఆమె చేపమ్మే. మొదట్లో ఎవరో వెక్కిరింపుగా పెట్టిన పేరది. ఆమె కోపం తెచ్చుకోలేదు సరికదా, "చేపకి ఈత నేర్పక్కర్లేదు, మీకే నేర్పాలి, దిగండి" అంటూ వెక్కిరించినవాళ్ళనే నీళ్ళలోకి దింపింది. ఆ పేరు అలా స్థిరపడిపోయింది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నీళ్ళు నన్ను వదిలితే కదా" అనేది. అడిగినవాళ్ళు నీళ్ళు నమిలేవారు.

నీళ్ళంటే చేపమ్మకు భయం లేదు, చలీ లేదు. మెట్లెక్కి గట్టు మీదకు వచ్చాకే అసలు సంగతి మొదలయ్యేది. కొలను వెనక ఖాళీ మైదానం. దాని మీదుగా వచ్చే పొద్దుటి గాలి తడి ఒంటిని ఊరికే వదిలిపెట్టేది కాదు. ఒక బ్యాచికి నేర్పి పైకి వచ్చి, రెండో బ్యాచి వచ్చేదాకా ఆమె ఆ గాలిలోనే ఈల మెళ్ళో వేసుకుని నిలబడాలి.

అందుకే ఆమె ఒంటి మీద ఎప్పుడూ ఒక స్వెట్టరు ఉండేది. ముదురు ఆకుపచ్చది. మోకాళ్ళ దాకా వేలాడేది. చేతులు మడతల మీద మడతలు పెడితేగానీ వేళ్ళు కనబడేవి కావు. తడిసిందంటే గొర్రెల మంద పక్కన నిలబడ్డట్టు ఉండేది వాసన. పిల్లలు చాటున ముక్కులు మూసుకుని నవ్వుకునేవారు. చేపమ్మకు తెలుసు, తెలియనట్టు ఉండేది. అది అక్క అల్లిన స్వెట్టరు మరి. చిరిగినప్పుడల్లా అక్క దాన్ని పూర్తిగా విప్పి, ఊలు ఉతికి, ఉండలు చుట్టి, తగ్గిన చోట కొత్త ఊలు కలిపి, మళ్ళీ అదే కొలతకు అల్లి ఇచ్చేది. దానిలో మొదటి ఊలు ఇంకా ఎంత మిగిలిందో అక్కకే తెలియదు.

ఆ ఏడాది చలి ముదరకముందే మోచేతి దగ్గర తెగింది. చేపమ్మ ఎప్పటిలాగే దాన్ని మడిచి కిందకు పట్టుకెళ్ళింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. పై వాటా చేపమ్మది, కింది వాటా అక్కది. బావ పోయాక భోజనం మాత్రం కిందే, ఇద్దరిదీ కలిపి.

అక్క కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఓ కొస లాగి సూది అందుకుంది. సూది జారింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ జారింది. వేళ్ళ కణుపులు చూసుకుని, స్వెట్టరును ఒళ్ళో పెట్టేసుకుంది.

"ఇక నావల్ల కాదే," అంది చివరికి. "వేళ్ళు మాట వినడం లేదు. ఏదన్నా కొనుక్కో."

అన్నం వండటం నావల్ల కాదంటే చేపమ్మ అంత తల్లడిల్లేది కాదు. పైకి మాత్రం, "సరేలే, జాకెట్టు కొనుక్కుంటా" అంది.

"జాకెట్టేమిటే? బీరువా తెరిస్తే జాకెట్లు మీద పడుతుంటే!"

"ఆ జాకెట్టు కాదక్కా. చలికి వేసుకునేది. ఫ్లీసు అంటారు, మెత్తగా పిల్లిపిల్లలా ఉంటుంది. మా బ్యాచిలో సగంమంది అదే వేసుకొస్తున్నారు."

"పద అయితే, నేనూ వస్తా. ఒక్కదానివే వెళితే చేతికి మొదట తగిలింది పట్టుకొచ్చేస్తావు."

దారిలో అక్క మోకాళ్ళ కోసం నెమ్మదిగా నడిచారు. అక్క తనతో కలిసి ఎక్కడికైనా బయల్దేరితే చేపమ్మకు ఇప్పటికీ ఆ పాత పొద్దులే గుర్తొస్తాయి. ఈత నేర్చుకుంటానని తను అడిగినప్పుడు నాన్న పేపరులోంచి తలెత్తకుండానే "వద్దు" అన్నాడు. తను ఏడ్చి ఇల్లు పీకి పందిరి వేసింది. ఆఖరికి నాన్న, "అక్క తోడు వస్తానంటే వెళ్ళు" అన్నాడు, అక్క ఎలాగూ రాదన్న ధీమాతో. అక్క నిద్రమొద్దు. ఎండ మొహం మీద పడితేగానీ లేచేది కాదు. అలాంటి అక్క ఆ క్షణానే, "నేను వెళతాను నాన్నా" అంది.

ఆ మాటకు తగ్గట్టే తెల్లారకముందే లేచి వచ్చేది. కొలను గట్టు మీద సిమెంటు బల్ల, దాని మీద అక్క, ఒళ్ళో ఊలు ఉండ. చేపమ్మ నీళ్ళలో కాళ్ళు కొట్టుకుంటూ తల తిప్పితే చాలు, అక్క కనబడేది. కొండంత ధైర్యం. ఈత వచ్చాక పోటీలకు వెళ్ళినా, నేర్పే ఉద్యోగంలో చేరినా, ఇదంతా అక్క తన నిద్ర మానుకుని పెట్టిన భిక్ష అనే అనుకుంది. ఆ మాట ఎవరి దగ్గరైనా చెప్పేటప్పుడు కళ్ళు తుడుచుకునేది.

కొట్లో చలిబట్టల గది మెట్లెక్కి పైన ఉంది. అక్కడున్న అమ్మాయి నవ్వుమొహంతో ఎదురొచ్చింది. చేపమ్మ నేరుగా మొగవాళ్ళ వరసలోకి వెళ్ళి, అన్నింటికన్నా పెద్ద జాకెట్ తీసి తొడుక్కుంది. అద్దంలో చూసుకుంటే గుడారంలోంచి తల బయటపెట్టినట్టుంది.

"ఇది బావుంది," అంది.

"ఎవరికండీ?" అంది అమ్మాయి.

"నాకే."

ఆ అమ్మాయికి నవ్వొచ్చినా ఆపుకుంది. "మీకు ఇది చాలా వదులండీ. ఫ్లీసు ఒంటికి దగ్గరగా ఉంటేనే వెచ్చదనం నిలుస్తుంది. ఇంత వదులైతే కిందనించి గాలి దూరిపోతుంది. ఎక్కడ వేసుకుంటారు, ఎక్కువగా?"

చేపమ్మ కొలను సంగతి, మైదానం గాలి సంగతి చెప్పింది.

"అయితే ఒక్క మందపాటిదాని మీద ఆధారపడకండి. ముందు ఒళ్ళు పొడిగా తుడుచుకుని పలచటి చొక్కా వేసుకోండి. దాని మీద ఇది. గాలి మరీ ఎక్కువుంటే దీని మీద రెయిన్‌కోటు. ఫ్లీసు వెచ్చదనం ఇస్తుందిగానీ గాలిని ఆపలేదండీ, ఆ పని పైదానిది. ఎండ వచ్చాక ఒక్కొక్కటీ తీసేసుకోవచ్చు."

"ఉల్లిపాయలాగా అన్నమాట," అంది అక్క.

"ఏడిపించనంతవరకూ పరవాలేదు," అంది చేపమ్మ.

అమ్మాయి మూడు రకాలు తెచ్చి బల్ల మీద పరిచింది. ఒకటి మరీ పలచన, వేలు పెట్టి సాగదీస్తే వెలుతురు కనబడుతోంది. ఒకటి బొంతంత మందం, అది వేసుకుంటే పైన ఇంకేదీ పట్టదు. మధ్యరకం చేపమ్మకు నచ్చింది. బూడిదరంగు, మెడ దాకా జిప్పు, జిప్పు చివర గడ్డానికి గుచ్చుకోకుండా చిన్న గుడ్డ మడత. మణికట్టు దగ్గర బిగువుగా ఉంది. వేసుకుని చేతులు పైకెత్తి, గది మధ్య నిలబడి ఉత్తగాలిలోనే ఈత కొట్టి చూసింది. చంకల్లో పట్టేయలేదు, నడుం పైకి లేవలేదు. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా మొహం చిన్నబుచ్చుకుంది.

"ఏమైందండీ?" అంది అమ్మాయి.

"ఏం లేదమ్మా. ఇంత బిగువుగా ఎప్పుడూ వేసుకోలేదు. మా అక్క నాకు ఎప్పుడూ పెద్దగానే అల్లేది. అప్పట్లో నేను ఇంకా ఎదుగుతానని. ఆ తర్వాత కూడా ఆ కొలత మార్చలేదు. నాకదే అలవాటైపోయింది."

వెనక నుంచి వింత శబ్దం వినబడింది. చేపమ్మ తిరిగి చూసింది. అక్క స్టూలు మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎందుకే నవ్వు?"

"అవి నీ కొలతలు కావే పిచ్చిదానా," అంది అక్క, ఊపిరి అందుకుంటూ. "మీ బావవి."

చేపమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బావ ఆ కొలను పంపు గదిలోనే పనిచేసేవాడు, నిజమే. కానీ వాళ్ళ పెళ్ళి పెద్దవాళ్ళు కుదిర్చిందని కదా ఇంట్లో అందరికీ తెలుసు!

"కుదిర్చారు. కుదిర్చేలా చేశాను," అంది అక్క. "పంపు గది తలుపు ఆ సిమెంటు బల్లకి ఎదురుగానే ఉండేది, గుర్తులేదూ? పొద్దున్నే నీళ్ళు వదిలి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నిలబడేవారు. ఊరికే చూస్తూ కూర్చుంటే లోకం ఊరుకుంటుందా? అందుకని ఊలు తెచ్చుకున్నాను. అల్లడం కూడా రాదు నాకప్పటికి. ఒక వరస అల్లడం, తలెత్తి చూడటం, కుట్లు తప్పడం, విప్పడం."

"మరి నాకోసం లేచొచ్చావనుకున్నాను!"

"నీకోసమూనూ," అంది అక్క, కొంచెం ఆలోచించి. "ఓ పావలా వంతు."

జాకెట్ మడత పెడుతున్నట్టు చేతులాడిస్తూ కొట్లో అమ్మాయి కదలకుండా వింటోంది.

"అది పూర్తయిన రోజు ఇచ్చేద్దామని లేచాను," అంది అక్క. ఇప్పుడు నవ్వు లేదు. "ఆయన అప్పుడే బయటికొచ్చారు. నాలుగు అడుగులు వేశానో లేదో, నువ్వు మెట్లెక్కి వచ్చావు. పెదాలు నీలం, పళ్ళు టకటకమంటున్నాయి. ఇంకేం చేయను? నీకు తొడిగేశాను. ఆయన అక్కడే నిలబడి చూస్తున్నారు. నాకేమో ఏడుపొచ్చింది. ఆయనేమో నవ్వారు. మాకు అదే మొదటి పలకరింపు."

చేపమ్మ పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయింది. బావ బతికున్నన్నాళ్ళూ ఆమె ఆ స్వెట్టరుతో ఎదురుపడితే ఆగి చూసేవాడు. "జాగ్రత్తమ్మా దానికి" అనేవాడు. భార్య పనితనం మీద మురిపెం కాబోలనుకునేది. ఓసారి ఆయనకు బాగా జలుబు చేసినప్పుడు, "నా స్వెట్టరు నాకుంటే ఇంత రాదు" అని గొణిగితే, అక్క ఆయన నోరు మూయించింది. ఆ రోజు మంచం పక్కన తనే ఉంది, ఆ స్వెట్టరులోనే.

"ఆయన అడగలేదా ఎప్పుడూ?"

"ఇంకోటి అల్లి ఇచ్చాను కదా. అది వేసుకునేవారుగానీ, 'నాది మీ చెల్లెలి దగ్గరుంది' అనేవారు చివరిదాకా."

చేపమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఎవరి కొలతల్లోనో నిశ్చింతగా తిరిగింది. కోపం వస్తుందేమోనని లోపల వెతుక్కుంది. రాలేదు. ఆ సిమెంటు బల్ల మీద ఒక్కతే కూర్చుని త్యాగం చేసిన అక్క పోయి, చలిలో చెంపలు ఎర్రబడ్డ ఓ పడుచుపిల్ల వచ్చి కూర్చుంది. ఆ పిల్లే బావుంది.

"బూడిదరంగుదే ఇవ్వమ్మా," అంది లేచి. "నా కొలతది."

తర్వాత అక్క వంక చూసి, ఇటుకరంగు జాకెట్ ఒకటి తెప్పించింది. అక్క వద్దు వద్దంటూనే తొడుక్కుంది. భుజాల మీద ఆనగానే మాట ఆగిపోయింది. మెడ దగ్గర చెంప రాసుకుని చూసుకుంది. ఇక విప్పలేదు.

"ఇది ఉతకడం ఎలాగమ్మా?" అని మాత్రం అడిగింది.

"చల్లటి నీళ్ళలో, తిరగేసి. ఇస్త్రీ పెట్టకండి, కరిగిపోతుంది," అంది అమ్మాయి.

మోకాళ్ళకు నీళ్ళలో నడక మంచిదని డాక్టరమ్మ చెప్పి చాలాకాలమైంది. ఆ చలిలో నేనా అంటూ అక్క తప్పించుకు తిరుగుతోంది. "ఇక చలి సాకు చెల్లదు," అంది చేపమ్మ మెట్లు దిగుతూ. అక్క వినబడనట్టు వీధి వైపు చూసింది.

కానీ వచ్చింది. మర్నాడు కాదు, ఆ వారం కూడా కాదు, ఓ ఆదివారం పొద్దున తనంతట తనే తువ్వాలు సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. లోతు తక్కువ వైపు కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ, "వదిలావంటే చూడు" అని చెల్లెల్ని బెదిరిస్తూ నడుం దాకా దిగింది. కాస్త కుదుటపడ్డాక తలతిప్పి పంపు గది వైపు చూసింది. ఇప్పుడక్కడ మోటారు దానంతట అదే తిరుగుతుంది, తలుపుకు ఎప్పుడూ తాళమే.

"నీళ్ళలోంచి చూస్తే ఎంత చిన్న గదో," అంది. "బల్ల మీంచి పెద్దగా కనబడేది."

చలికాలమంతా వచ్చింది. ఈత రాలేదు, నేర్చుకోనని ముందే చెప్పింది. కమ్మీ పట్టుకోకుండా ఆ గట్టు నుంచి ఈ గట్టుకు నడవడం మాత్రం వచ్చింది. ఇటుకరంగు జాకెట్ కూరల బజారుకూ బ్యాంకుకూ వేసుకెళ్ళింది, ముసురు పట్టిన రోజున దాని మీద రెయిన్‌కోటు వేసింది, ఇంట్లో వంట చేస్తూ కూడా విప్పక దాని చేతుల మీద రాపిడికి చిన్న చిన్న నూగు ఉండలు కట్టించింది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఉండలు గిల్లుతూ కూర్చోవడం ఆమెకు అల్లికలాంటి పనైంది. పాత ఆకుపచ్చ స్వెట్టరును మాత్రం ఈసారి విప్పలేదు. ఉతికి, ఆరేసి, బావ చొక్కాలున్న పెట్టెలో పైన పెట్టింది.

చలి తగ్గుముఖం పట్టిన ఒక పొద్దున ఇద్దరూ తల తుడుచుకుని, జాకెట్ల జిప్పులు మెడ దాకా లాక్కుని, గట్టు మీద కూర్చున్నారు. ఫ్లాస్కులోంచి టీ పోస్తూ చేపమ్మ అడిగింది.

"బావ సంగతి అప్పట్లోనే నాన్నకి తెలుసంటావా?"

"ఏమో. ఎప్పుడూ ఏమీ అనలేదు."

"నిన్ను రోజూ లేపింది ఎవరే?"

అక్క గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగింది. "నాన్నే," అంది నెమ్మదిగా. "తలుపు మీద కొట్టి, 'లే అమ్మా, ఆలస్యమవుతోంది' అనేవారు. నీ తలుపు కొట్టేవారు కాదు."

ఇద్దరూ ఒకేసారి తాళం వేసిన పంపు గది తలుపు వైపు చూశారు. రెండో బ్యాచి పిల్లలు గేటు దగ్గర చెప్పులు విడుస్తూ గోల చేస్తున్నారు. చేపమ్మ మిగిలిన టీ గటగటా తాగేసి, జిప్పు కిందకు లాగి, ఈల అందుకుంది.