వరి మడిలో జెర్బెరా నాటించిన మేడం

మా మేడం తమ్ముడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా. నిద్రలనే పోయింది" అన్నాడు. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "హమ్మయ్య". ఆయన తప్పు పట్టలేదు. నెలల తరబడి ఊపిరాడక, దిండ్లకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చిన మనిషి నిద్రలో వెళ్లిపోవడం ఎంత అదృష్టమో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నా హమ్మయ్యకు ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మేడం రాయచూరులో వ్యవసాయ కాలేజీలో మాకు పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ కప్పు కింద, పూల సాగు చెప్పేవారు. సొంతూరు యాపలదిన్ని. ఎండాకాలంలో ఇక్కడ మనుషులే వాడిపోతుంటే జెర్బెరా పూల మొక్క ఏం బతుకుతుందని తోటి లెక్చరర్లు ఆమెను ఆటపట్టించేవారు. ఆమె పరిశోధనంతా ఆ ఎండాకాలం మీదే. "చలి దేశపోళ్లు వేడి లోపల ఆపనీకె గాజు ఇల్లు కట్టిన్రు. మనం వేడి ఎల్లగొట్టనీకె కడుతున్నం. పుస్తకం తలకిందులు పట్టుకొని చదువుర్రి" అని మాకు మొదటి క్లాసులోనే చెప్పారు. కప్పు మీద సున్నం పూయించేవారు, నీడవలలు మార్చి మార్చి కట్టించేవారు. మిట్టమధ్యాహ్నం తడి తువ్వాలు మెడకు చుట్టుకుని లోపలే తిరిగేవారు. థర్మామీటర్ చూసే ముందు ఆకును చెంపకు ఆనించుకుని చూసేవారు. క్లర్కుతో కన్నడం, డ్రైవరుతో ఉర్దూ, మమ్మల్ని తిట్టాలంటే మాత్రం తెలుగు.

తలలో ఏనాడూ పువ్వు పెట్టింది లేదు. అడిగితే "దినమంత పూలతోనే నౌకరి. ఇంటికి గూడ తీస్కపోవాల్నా?" అనేవారు. పెళ్లికి పిలిస్తే మాత్రం తిన్నగా వేదిక దగ్గరికి పోయి, అలంకరణకు పెట్టిన పూల కాడలు నొక్కి చూసేవారు. థర్మల్ కాలనీలో నా స్నేహితురాలి పెళ్లిలో, అక్షింతలు చేతిలో ఉంచుకునే, ఈ పూలు సాయంత్రానికే మెడలు వేలాడేస్తాయని పెళ్లికొడుకు తండ్రికి చెప్పేశారు. ఆయన మొహం చూడాలి అప్పుడు.

మాది బాళగనూరు దగ్గర క్యాంపు. తాతల కాలంలో కాలవ నీళ్లు చూసుకుని కోస్తా నుంచి వచ్చిన వరి రైతులం. నా డిగ్రీ చివరి ఏడాదిలో, మేడం మాట మీద, నాన్న రెండు మళ్లలో వరి మాని, వాటిని ఎత్తు చేయించి పాలీహౌస్ వేశాడు. క్యాంపంతా నవ్వింది. మొక్కలు వచ్చిన రోజున మేడంకి పరీక్షల డ్యూటీ, నాకు పరీక్ష. ఆ ఎండకు మొక్కలు ఆగవని నాన్న మా ఊళ్లో వరి నాట్లు వేసే ఆడవాళ్లనే పిలిచాడు. వాళ్లు ఎంత ముచ్చటగా నాటారంటే వరసలు తాడు పట్టి గీసినట్టున్నాయి. కాకపోతే వరి నాటినట్టే నాటారు, బొటనవేలితో అదిమి, లోపలికంటా. జెర్బెరాకు ఆకులన్నీ పుట్టే మొవ్వు మట్టికి పైన ఉండాలి. పూడిపోతే కుళ్లుతుంది. మా మొక్కలన్నీ అలాగే కుళ్లిపోయాయి.

కబురు అందగానే మేడం వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని, వేలితో మట్టి తోడుతూ ఒక వరస తర్వాత ఒక వరస చూసుకుంటూ పోయారు. నాట్లు వేసినవాళ్లు బిక్కుబిక్కుమంటూ తలుపు దగ్గర నిలబడ్డారు. "మీ తప్పేం లేదమ్మా. చేయి తిరిగినోళ్లు, మీకు తెలిసినట్టు నాటిన్రు. నాటేది ఎవరని నేనే అడగలే" అన్నారు మేడం. ఆ తర్వాత నాన్న ఎంత సర్దిచెప్పినా ఆమె తలకెక్కలేదు. తన మాట నమ్మిన ఒక ఇల్లు మునిగిందన్న దిగులు ఆమెలో పాతుకుపోయింది.

అప్పటి నుంచి ఆమె పాఠం చెప్పే తీరే మారింది. బోర్డు మీద బొమ్మలు మానేసి, తట్టల్లో మట్టి తెప్పించి, నా జూనియర్ల చేత కళ్లు మూయించి నాటించేవారు. మొవ్వు ఎక్కడుందో వేలికి తెలియాలి. "మొక్క మంచం మీద కూసున్నట్టుండాలె గని, బాయిల దిగినట్టుండొద్దు" అనేవారు. రెండోసారి మేం మొక్కలు తెప్పించినప్పుడు సెలవు పెట్టి వచ్చారు. పాలీహౌస్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఈసారి వేరేవాళ్లను పెడదామని నాన్న అంటే ఒప్పుకోలేదు. ఆ ఆడవాళ్లనే పిలిపించి, ప్రతి ఒక్కరి పక్కనా కూర్చుని నాటించారు.

పూలు రాకముందే మంచం పట్టారు. సాయంత్రమైతే నాకు ఫోన్ వచ్చేది. మాట పూర్తయ్యేలోపు మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవారు. మొవ్వు తడవకుండా నీళ్లిస్తున్నారా అని అడిగేవారు, మీ నాయిన అన్నం తింటున్నాడా అని అడిగేవారు. పూల సంగతి మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడగడానికి ఆమెకు భయం. ఆ భయంతోనే పోతారేమోనని నాకు భయం.

పోయిన నెలలో మొదటి కోత వచ్చింది. నాన్న పూలను బకెట్లో నిలబెట్టి, సింధనూరులో బస్సెక్కి, రాయచూరు దాకా ఒళ్లోనే పెట్టుకుని వచ్చాడు. నేను బస్టాండుకు ఎదురెళ్లి మేడం ఇంటికి తీసుకెళ్లాను. మేడం రంగులు చూడలేదు. ఒక పువ్వు తీసుకుని, తలకిందులు చేసి, కాడ చివర చూశారు. జెర్బెరాను కత్తిరించకూడదు, మొదట్లో పట్టుకుని పక్కకు వంచి లాగాలి. తర్వాత కాడను అడుగు నుంచి పైదాకా బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లారు.

"ఎవరు తెంపిన్రు?"

"నాట్లు వేసినోళ్లేనండి" అన్నాడు నాన్న.

"మంచిగ తెంపిన్రు." ఊపిరి కోసం ఆగారు. "అన్నా, మీ ఇల్లు ముంచిన అని భయముండె నాకు."

బస్సులో దారంతా నాన్న ఏవేవో మాటలు కూడగట్టుకుని వచ్చాడట. ఒక్కటీ గుర్తురాలేదు. "పక్క మడిలో కూడా వరి మానేస్తున్నానండి మేడం గారూ. ఎత్తు చేయిస్తున్నాను. మీతో ఒక మాట చెప్పి మొదలెడదామని వచ్చాను" అన్నాడు.

ఆమె నాన్న వైపు చూసి తలాడించారు. పువ్వు చేతిలో ఉండగానే దిండుకు తల వాల్చారు. కాసేపటికి పెద్ద గురక మొదలైంది. ఏమైందోనని తమ్ముడు వంటింట్లోంచి పరుగున వచ్చి, చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు. అక్క ఇట్ల పండుకొని ఎన్ని దినాలైందో అని గొణిగాడు. గాజుల చప్పుడైనా చేయొద్దని నాన్న నాకు సైగ చేశాడు. బస్సు వేళ దాటిపోతున్నా లేవకుండా, బకెట్ ఒళ్లో పెట్టుకుని ఆ గురక వింటూ కూర్చున్నాడు.