రెండేండ్లు ఎక్కువ చెప్పిన

మా చిన్నోణ్ని బడిల ఎక్కించిన పొద్దు నాకింకా కండ్ల ముంగటనే ఉన్నది. అప్పుడు వానికి నాలుగేండ్ల మీద రెండు నెల్లు. కొత్త నీలం నిక్కరు నడుముకు నిలువకపోతే మొలదారం కిందికి దోపి తోలుకపోయిన. హెడ్‌మాస్టర్ సారు రిజిస్టర్ తెరిచి, "ఎన్నేండ్లమ్మా పిలగానికి?" అన్నడు.

"ఆరు నిండినయి సార్."

సారు కండ్లద్దాలు కిందికి జరిపి వాణ్ని పైనుంచి కిందిదాక చూసిండు. "ఆరేండ్ల పోరడేనా? శాన సన్నగున్నడు."

"మా ఇంట్ల అందరం గిట్లనే ఉంటం సార్."

సారు ఇంకోపారి అడిగిండు. నేను ఇంకోపారి అదే చెప్పిన. రాసుకున్నడు.

ఎందుకు చెప్పిన్నంటే, మా ఆయన బొగ్గు బాయిల దిగే మనిషి. పెండ్లయిన కొత్తల డ్యూటీ నుంచి వచ్చి వాకిట్ల సైకిల్ ఎత్తి పక్కకు పెట్టేటోడు. పిలగాడు పుట్టేసరికి నాలుగు మెట్లెక్కితే దమ్ము తీసుకుంటుండె. మా క్వార్టర్ల కాడ నల్లా దగ్గర ఆడోళ్లం బిందెలు పెట్టుకొని నిలబడితే ఒకటే ముచ్చట: మొగణ్ని కంపెనీ డాక్టర్లు పనికి అన్‌ఫిట్ అంటే ఆ నౌకరి కొడుక్కు వస్తది, కాని కొడుక్కు పద్దెనిమిది నిండి ఉండాలె. అందుకని మా లైన్ల పిల్లలకు బడి గేటు కాడనే వయసు పెరిగేది. పక్కింటామె కొడుక్కు మూడేండ్లు పెంచింది. నేను రెండే పెంచిన, నాదేం పెద్ద తప్పా అనుకున్న. పిలగాడు రెండేండ్లు ముందు పెద్దోడైతే, వాళ్ల బాపు రెండేండ్లు ముందు పైకొస్తడు. గంతే నా లెక్క.

మా ఆయనకు ఈ సంగతి చెప్పలే. కంపెనీ ఆఫీసుల పిల్లల పేర్లు రాయించేటప్పుడు బడి కాగితం చూసి, "ఏందే, రెండేండ్లు ఎక్కువున్నది?" అన్నడు. "సారు తప్పు రాసిండు, ఉండనీ, మనకే మంచిది" అన్న. ఆయన అట్లనే రాయించిండు. అబద్ధం నాది, పేరు సారుది. అప్పుడు నాకు సిగ్గనిపియ్యలే.

బడిల వాడే అందరికన్న చిన్నోడు. పలక మీద అంకెలు నేర్చే ఈడుల కూడికలు చెయ్యుమన్నరు. కూడికలు వచ్చే ఈడుకు భాగారాలు వచ్చి పడ్డయి. సారు ఒకసారి పిలిపించి, "అమ్మా, ఒక యేడాది ఇదే తరగతిల ఉంచుదాం, బుర్రకు అందుతలేదు" అన్నడు. ఉంచితే నేను పెంచిన యేడాది పోతది కదా. వద్దన్న. వాడు వెనుక బెంచీలకు పోయిండు, అక్కడనే ఉండిపోయిండు.

కాని కాళ్లున్నయి వానికి. గ్రౌండు పక్కన బండ్లు రిపేరు చేసే భాయ్ ఒకాయన పొద్దుగాల పోరగాండ్లకు ఫుట్‌బాల్ నేర్పుతడు. ఆ చేతులకు నూనె మరకలు ఎప్పుడూ పోవు. ఒకనాడు మా ఇంటికే వచ్చిండు. "అక్కా, నీ కొడుకు కాళ్లల్ల ఇంజన్ ఉన్నది. పెద్ద పోరగాండ్లు నలుగురు అడ్డమొచ్చినా బాల్ ఇడిసిపెట్టడు."

"లెక్కల కూడ గట్లనే పట్టుకుంటే మంచిగుండు భాయ్" అన్న.

"అది నా డిపార్ట్‌మెంట్ కాదక్కా" అని నవ్విండు.

పదో తరగతి పరీక్షలు అయినంక పట్నంల ట్రయల్స్‌కు భాయ్ వాణ్ని తోలుకపోయిండు. ఎంచుకున్నరు. హాస్టల్, తిండి, కాలేజి, బూట్లు, అన్ని వాళ్లవే. రెండే రెండు కండిషన్లు: పది పాసు కావాలె, పదహారేండ్లు నిండి ఉండొద్దు. ఆ సంబురంల ఉండంగనే రిజల్ట్ వచ్చింది. లెక్కల పోయిండు.

వాడు గోడ దిక్కు తిరిగి పండుకున్నడు, లేవలే. భాయ్ వచ్చి, "సప్లిమెంటరీ రాస్తే నడుస్తది, మెమో జల్ది కావాలె గంతే" అన్నడు. ఎవరు చెప్తరు లెక్కలు? ట్యూషన్లోళ్లు నెల రోజులల్ల కాదన్నరు. ఆఖరికి ఆ హెడ్‌మాస్టర్ సారు దగ్గరికే పోయిన. రిటైరై ఇంటికాడనే ఉంటుండె. "పంపు బిడ్డా" అన్నడు. పైసల మాట ఎత్తితే కోపానికొచ్చిండు.

మా దిక్కు ఎండలు ఎట్లుంటయో చెప్పేది లేదు. ఆ ఎండల సారు అరుగు మీద తడి గోనెసంచి కట్టి, వాణ్ని పొద్దుగాల రెండు గంటలు, పొద్దూకి రెండు గంటలు కూసుండబెట్టేటోడు. నేను మజ్జిగ తీసుకపోతే చెవుల పడేది.

"ముప్పై అయిదు మార్కులు చాలురా. నువ్వు రాకెట్లు పంపేది లేదు."

"ఈ ఎక్స్ ఎందుకొచ్చింది సార్ మధ్యల?"

"అది నీలెక్కనే, పిలువకున్నా వస్తది. నువ్వు దాన్ని పట్టుకొని ఒక దిక్కు నిలబెట్టు."

వాడు నవ్వి నవ్వి రాసేటోడు. ఒకనాడు సారు నాతోని మెల్లగ అన్నడు: "అమ్మా, వీనికి బుర్ర లేక కాదు. మొదట్ల పునాది పడలేదు, గంతే." నేను గ్లాసులు తీసుకొని తల వంచుకొని వచ్చిన.

నలభై ఒకటి వచ్చినయి. మా వాడు సారుకు లడ్డూలు తీసుకపోయి కాళ్లు మొక్కిండు. భాయ్ మా ఇంటికొచ్చి మెమో చూసిండు. చూసినోడు నోట్లె పెట్టుకున్న లడ్డూ నమలకుండ అట్లనే నిలబడ్డడు.

"అక్కా, ఇందుల పదహారు దాటినట్టున్నది. వాని అసలు ఉమర్ ఎంత?"

"పద్నాలుగే!" మా వాడు ముందే అందుకున్నడు. "హెడ్‌మాస్టర్ సారు తప్పు రాసిండట, మా అమ్మ చెప్పింది."

"అట్లయితే ఫికర్ లేదు. పుట్టినప్పుడు దవాఖానల కార్డు ఇస్తరు కద, అది ఉంటే చాలు. పది రోజులు టైమ్ అడుగుత. ఉన్నదా అక్కా?"

ఉన్నది. పెట్టెల, నా పెండ్లి చీర మడతల ఉన్నది. కాని లోపలి అర్రల మా ఆయన దగ్గుతున్నడు. కార్డు బయటికి తీస్తే బడి కాగితం మారుతది, ఆ వెనుక కంపెనీల పేపర్ మారాలె. ఇంకో రెండేండ్లల్ల పైకి వస్తడనుకున్న మనిషి ఇంకో నాలుగేండ్లు దిగాలె. మా వాడు నా మొకంలకు చూస్తనే ఉన్నడు.

"వానలకు తడిసి ఖరాబయింది భాయ్, పారేసిన" అన్న.

పది రోజులు అయినయి. వాని సీటు ఇంకో పిలగానికి ఇచ్చిండ్లు.

ఆ మాట ఇన్న పొద్దు వాడు చెప్పులు లేకుండనే సారు ఇంటికి ఉరికిండు. నేను ఎనుక ఉరికిన. పోయేసరికి అరుగు మీద ముగ్గురు నలుగురు పోరగాండ్లు పుస్తకాలు పట్టుకొని కూసున్నరు. వాళ్ల ముంగట మా వాడు ఒర్రుతున్నడు. "లెక్కలు చెప్తే అయిపోతదా సార్? నా పుట్టిన తారీఖు సక్కగ రాయరాలేదా మీకు? గుడ్డిగ రాసిండ్లా?"

సారు వాణ్ని చూసిండు. వాని మీదికెళ్లి నన్ను చూసిండు. రెండుసార్లు అడిగిన సంగతి ఆయనకు యాదికుంది. నాకు ఆ చూపుల తెలిసింది. నేను గేటు పట్టుకొని నిలబడ్డ.

"అయ్యుండొచ్చు బిడ్డా" అన్నడు సారు. "ఆ యేడు శానమందిని చేర్చుకున్న. తప్పు పడ్డదేమో."

ఆ తప్పు ఆయన మీదనే ఉండనిచ్చి, వాణ్ని రెక్క పట్టుకొని ఇంటికి తోలుకొచ్చిన.

తెల్లారి సారు మా ఇంటికి వచ్చిండు. "పిలగాడు నోట్‌బుక్ మరిచిపోయిండు" అని నా చేతిల పెట్టి, మంచినీళ్లు తాగి, ఇంకేం అడగకుండ పోయిండు. అన్నం తింటున్న మా ఆయన, "పాపం, అంత మాటన్నా వచ్చిండు చూడు. పెద్దమనిషి" అన్నడు. ఆ 'పెద్దమనిషి' అన్న మాట నాకు తట్టుకోరాలే. పోయి పెట్టె తీసిన. కార్డు తెచ్చి తండ్రి కొడుకుల కంచాల నడుమ పెట్టిన. అంతా చెప్పిన.

మా ఆయన ఎడమచేతి వేలు పెట్టి తారీఖు చదువుకున్నడు. "నా కోసమానే? నేను అడిగిన్నా నిన్ను? నేను దిగుడు ఎట్లనో దిగుతున్న గద. వానికి ఆ ఆట ఒక్కటే ఉండె."

మా వాడు ఒర్రలే. ఒర్రితే మంచిగుండు. "సారుకు ఎరుకేనా?" అని అడిగిండు. "ఎరుకే" అన్న. సగం అన్నం ఇడిసిపెట్టి, చెయ్యి కడుక్కొని, సారు ఇంటి దిక్కు పోయిండు.

వచ్చే ఎండకాలం మళ్లీ ట్రయల్స్ ఉన్నయి. కాగితం మారితే వానికి అప్పటికి పదిహేను, నడుస్తది. మారకపోతే ఇగ లేదు. మా ఆయన, "మార్పియ్యిండ్లి" అని ఒక్క మాట చెప్పి ఫస్ట్ షిఫ్టుకు పోతున్నడు. పొద్దుగాల టిఫిన్ గిన్నె చేతికిచ్చేటప్పుడు ఆయన మొకం చూడలేకపోతున్న.

మార్పియ్యాలంటే బడిల చేర్చుకున్న సారు రాసి ఇయ్యాలెనట. సారు, మా వాడు, నేను ముగ్గురం ఆ అరుగు మీద కూసున్నం. సారు రాసి చదివి ఇనిపించిండు: ఆనాడు నా పొరపాటు వల్ల తారీఖు తప్పు పడ్డది అని.

"నేనే చెప్పిన అని రాయుండ్లి సార్" అన్న.

"అట్ల రాస్తే నిన్ను పిలుస్తరు, మీ ఆయనను పిలుస్తరు. అడిగిందే అడుగుతరు. అప్పటికి ట్రయల్స్ అయిపోతయి. నేను రిటైరైనోణ్ని, నన్నేం చేస్తరమ్మా?"

మా వాడు నేల దిక్కు చూసుకుంట అన్నడు: "సార్, తప్పు మీది కాదని గ్రౌండుల అందరికి చెప్పిన."

"మరి ఎవరిదని చెప్పినవ్?"

వాడు సారు పెన్ను తీసి నా చేతిల పెట్టిండు. సారు కాగితం నా దిక్కు జరిపి, కింద తల్లి సంతకం అని చూపెట్టిండు. పెట్టిన.