వెనుక వేసిన పీట

మొన్న తిరుపతిలో మా మనుమరాలు ప్రసవించిన ఆసుపత్రిలో, కాన్పుగది తలుపునకు ఎదురుగా వేసిన ఇనుప కుర్చీలలో ఉదయం నుండి కూర్చుని, బంధువులెవరికీ లోనికి అనుమతి లేనందున, ఆ తలుపు తెరచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతూ, మూసుకున్నప్పుడల్లా కూలబడుతూ ఒక పూట గడిపాను. తల్లీ బిడ్డా క్షేమమే. సాయంకాలం ఆమె పడక చెంత చేరి నుదుట చేయి వేయగా, ఆ పిల్ల నా వంక అలసటగా చూసి, "లోపల అందరూ ఉండారవ్వా, ఎవురూ లేరు" అన్నది. ఆ మాటకు నా వెన్నులో, రెండు భుజాల నడుమ, ఏనాటిదో ఒక చల్లదనం కదిలింది. కాన్పు జ్ఞాపకం ఆడదాని తలలో కంటె వెన్నులోనే పదిలంగా ఉంటుందని నా యీడు వారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

అవి యుద్ధం ముగిసినా కిరసనాయిలు ఇంకా కొలతకే దొరుకుతున్న రోజులు. వడమాలపేటకు దగ్గరలో ఒక పల్లె మా అత్తవారిది. తొలికాన్పు పుట్టింట జరుగవలసినదే గాని, నాకు పుట్టిల్లంటే నాయన ఒక్కరే. మా అమ్మ నా తమ్ముణ్ణి కనబోయి పురిటిలోనే పోయింది, బిడ్డా దక్కలేదు. ఆనాడు మూసిన తలుపు బయట కూర్చున్న నాకు, అమ్మ కేకల కంటె, అవి ఉన్నట్టుండి ఆగిపోవడమే గుర్తుండిపోయింది. నాయన పండితులు. తల్లి లేని నన్ను ఎదుట కూర్చుండబెట్టుకొని కావ్యాలు చదివించారు. కావ్యాలలో రాణులు ఒక పద్యంలో గర్భం ధరిస్తారు, మరుపద్యంలో కుమారుణ్ణి ఎత్తుకుంటారు. ఆ రెండు పద్యాల నడుమ ఏమి జరుగుతుందో ఏ కవీ చెప్పిన పాపాన పోలేదు. నాకు తెలిసినదల్లా ఆ ఆగిపోయిన కేక. నెలలు నిండే కొద్దీ నేనూ అమ్మ దారినే పోతానని మనసులో నిశ్చయమైపోయింది.

అత్తవారింట ఒక పేరంటాలు ఉండేది. ఆమె మా మామగారి తాతకు మొదటి భార్య. ఇంటిల్లిపాదీ కోతలకు పోయిన సమయాన, పట్టుకునే దిక్కు లేక, ఒంటరిగా నొప్పులు పడి, గోడకు ఆనుకొనే ప్రాణం విడిచిందట. ముత్తైదువగా పోయిన ఆమెను ఇంటి దేవతగా నిలుపుకొని, ఆమె పేర ఒక పసుపు చీరను వెదురుపెట్టెలో దాచేవారు. ఆ ఇంట ఎవరు నొప్పులు పడినా, వారి వీపు వెనుక ఒక పీట వేసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ చీరను మడిచి దానిమీద ఉంచడం ఆచారం. ఎదుట ఎందరైనా ఉండవచ్చును; ఆ పీటమీద మాత్రం బ్రతికున్న మనిషి కూర్చోరాదు. నొప్పులు పడే ఇల్లాలు వెనుదిరిగి చూడరాదు. తనకు అందని సాయం పరులకు అందించడానికి పేరంటాలే వచ్చి కూర్చుంటుందని వారి నమ్మకం.

ఆ ఇంటనే మా చిన్నత్తగారు కూడా ఉండేవారు. మా అత్తగారికి తోడికోడలు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. శుభానికి ఎదురు రారాదని ఆమె ఎప్పుడూ పెరటి పంచలోనే మసలేవారు. పురిటిగది గడప ఆమె తొక్కరాదు. నెలలు నిండిన నాకు చింతకాయ తొక్కు కలిపిన ముద్దలు కిటికీలోనుండి అందించి, నేను తినేదాకా గోడ అవతల నిలబడేవారు.

వైశాఖపు మిట్టమధ్యాహ్నం నొప్పులు మొదలైనవి. మా అత్తగారు మొట్టమొదట ఇంట్లోని తాళాలన్నీ తీయించారు. పురుడు వచ్చే ఇంట ముడిపడినదీ మూసినదీ ఏదీ ఉండరాదు. నా జడ విప్పారు, దూడ పలుపు విప్పారు, పెట్టెలు, కుండలు, ఆవకాయ జాడీలు, సమస్తానికీ మూతలు తీశారు. గాలి ఆడని ఆ ఎండపూట ఇల్లంతా నోళ్ళు తెరచుకొని నా కేక కోసమే కాచుకున్నట్లు తోచింది. మంత్రసాని మాటకారి. నా మోకాళ్ళు పట్టుకొని, "గట్టిగా అరువమ్మా, మా చిన్నయ్య మామిడితోపులో దాక్కోనుండాడు, ఆడికి ఇనపడల్ల!" అని మా వారిని ఎగతాళి చేసి నన్ను నవ్వించేది. పొద్దు వాలేసరికి ఆమె పరిహాసం ఆగిపోయింది. మా అత్తగారి వైపు వంగి, "బిడ్డ కిందికి దిగలేదు, పిల్ల సోలిపోతాండాది" అన్నది. నాకు వినబడదనుకున్నది కాబోలు. నా వీపు వెనుక, ఆచారం ప్రకారం వేసిన పీట తప్ప, ఏమీ లేదు. ఆనుకోబోతే శూన్యమే తగిలేది. చదివిన పద్యాలలో ఒక్కటీ నాలుకకు రాలేదు. నా కేకలు నాకే దూరంగా వినబడసాగినవి. మరి కాసేపటికి అవి కూడా ఆగిపోతాయని, కబురందుకొని వచ్చిన నాయన అప్పుడు, ఆనాటి నాలాగే, గది బయట కూర్చుని ఉంటారని అనుకున్నాను.

దీపం ఇంకా పెట్టలేదు. మసక కమ్మింది. అప్పుడు నా వెనుక పీట కిర్రుమన్నది.

రెండు చేతులు నా చంకల క్రిందుగా వచ్చి రొమ్మును చుట్టుకున్నవి. ఒక మోకాలు నా నడుమునకు ఊతమైనది. పాతపసుపు, కర్పూరం వాసన. చేతులు బావినీళ్ళంత చల్లన. అవి కదిలినా గాజుల చప్పుడు లేదు. మంత్రసాని తలయెత్తి నా భుజం మీదుగా చూసి, చప్పున తల దించుకున్నది. మా అత్తగారు రెండు చేతులూ జోడించారు. నేను వెనుదిరుగలేదు. నా చెవి దగ్గర ఒక గొంతు, మెల్లగా, "నేనుండాను, ఇడువు" అన్నది. నేను నా బరువంతా ఆ ఒడిలోనికి విడిచాను. నా కేక ఆగలేదు. దాని వెంబడే మరొక చిన్న కేక వినిపించింది.

తెలివి వచ్చి చూసేసరికి పీటమీద చీర మడిచినట్లే ఉన్నది. కుంకుమ మాత్రం చెదిరి ఉన్నది. "పసుపుకోక కప్పుకోని కూసోనుండె, ఈ కండ్లతో సూసినా" అని మంత్రసాని పల్లె పల్లెకూ చెప్పుకున్నది. ఎక్కడెక్కడి ఆడవారో వచ్చి ఆ పీటకు మొక్కిపోయేవారు.

కొన్నేండ్లు గడిచినవి. ఒకనాడు పెరటి రోటిలో మిరపకాయలు దంచుతూ నడుము పట్టి కూలబడితే, చిన్నత్తగారు వెనుకనుండి వచ్చి, చంకల క్రింద చేతులు వేసి లేవనెత్తారు. నా మనస్సు కంటె ముందు నా వెన్ను ఆ చేతులను ఆనవాలు పట్టింది. నేను ఆ చేతులను తడిమి చూస్తుంటే ఆమె నవ్వేశారు.

"నిజం యాడికి పోతాది లేమ్మా, నీ నడుమే సాక్షి జెప్పె! మీ అత్తే కిటికీలో నుంచి కంటితో సైగ జేసినాది. తాళాలన్నీ తీసేసినారు గదా, పెరటి తలుపు తోసుకోని వస్తి. పీట మీది చీర నెత్తిమీదికి కప్పుకుంటి. నా ఒంటిమీదికి పసుపుకోక మళ్ళా ఎక్కింది ఆ పొద్దే."

మా అత్తగారు చేతులు జోడించినది ఎవరికో నాకు అప్పుడు తెలిసింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ, చెవిలో చెప్పిన ఆ ఒక్క మాటే నన్ను బ్రతికించిందన్నాను. ఆమె నవ్వు ఆగింది.

"నేనేం మాట్లాడితినమ్మా? గొంతు ఆనవాలు పడతారని కొంగు నోట్లో కుక్కోనుంటి. నువ్వే ఎవురితోనో ఊఁ, ఊఁ అంటా ఉంటివి."

నేను వెనుదిరిగి చూశాను. పెరడు ఖాళీగా ఉన్నది. ఆ గొంతు పేరంటాలిదో, మా అమ్మదో, మరణం అంచున నాలో నేను పలికినదో నాకు ఈనాటికీ తెలియదు. చేతులు మాత్రం బ్రతికున్న మనిషివి.

మనుమరాలి మాట విన్న తరువాత, నొప్పులు పడేటప్పుడు నీ వెనుక ఏముండినదని అడిగాను. "గోడ" అన్నది.

ఆ వైద్యుల చేతులకు నేను మొక్కుతాను. అటువంటి చోటు ఆనాడు ఉండి ఉంటే మా అమ్మ బ్రతికేదేమో. మా ఆచారంలో మౌఢ్యమూ, ఒక నిర్భాగ్యురాలిని గడప అవతల నిలిపిన క్రౌర్యమూ లేకపోలేదు. అయినా చనిపోయిన ఆమె కోసమైనా వెన్ను వెనుక ఒక చోటు వదిలిపెట్టేవారము గనుకనే, బ్రతికున్న ఒకరు వచ్చి అందులో కూర్చోగలిగారు. ఆ పసుపు చీర ఇప్పుడు నా పెట్టెలోనే ఉన్నది. గోడకు ఆనించి మంచం వేసిన ఆ గదిలోనికి ఎవరు వచ్చినా, ఎక్కడ కూర్చుంటారు?