ఆకులో పెట్టిన వాటా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎండోస్కోపీ గదిలో నేను స్టాఫ్ నర్సుని. జూలూరుపాడు అవతల అడవి అంచు ఊరు కన్నమ్మది. పేగు మెలిపడి నల్లబడితే చిన్నపేగు దాదాపు అంతా తీసేశారు. తర్వాత హైదరాబాద్‌లో, చనిపోయిన ఒక అబ్బాయి పేగు ఆమెకు అమర్చారు. కొన్నేళ్లుగా ఇంత తిని, చేను పనికి కూడా పోతోంది. చెకప్‌కి వచ్చినప్పుడల్లా అడవి నుంచి నాకేదో ఒకటి తెస్తుంది. వద్దంటే వినే రకం కాదు.

ఈసారి భర్త భుజం మీద వాలి వచ్చింది. ఆగని విరేచనాలు, లోతుకు పోయిన కళ్లు.

మార్పిడి చేసిన పేగుకి విరేచనాలంటే మాకు గుండె దడ. రిజెక్షన్, అంటే ఒంటికి ఆ పేగు గిట్టకపోవడం అయితే, రోగనిరోధక శక్తిని అణిచే మందులు పెంచాలి. ఇన్‌ఫెక్షన్ అయితే మాత్రం పెంచామా, కొంప మునిగినట్టే. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. పొరబడితే పేగు పోతుంది, మళ్లీ ఇంకొకటి దొరకడం మాటలా? డాక్టరుగారు బయాప్సీకి పేగు లోపలి నుంచి చిన్న ముక్కలు తీసి, మలాన్ని కూడా పరీక్షకు పంపి, ఫలితాలు వచ్చాకే మందు మారుద్దామన్నారు.

సెలైన్ సరిచేస్తూ అడిగాను.

"కన్నమ్మా, బయట ఏమన్న తిన్నవా?"

"లేదక్కా. ఇంట్ల బువ్వనే."

"దాచకు తల్లీ. నీ పేగు పోతే ముందు ఏడ్చేది నేనే."

అప్పుడు నోరు విప్పింది. "కొత్తల పండుగ చేసినం. పెద్దలకు ఆకులల్ల వాటా పెట్టినం. పేగిచ్చిన పిలగానికి గూడ ఒక ఆకేసిన. తెల్లారేదాంక బయటనే ఉన్నది. గా పిలగాడు నా కడుపులనే ఉన్నడు గద, వాని వాటా ఇంకెవలు తింటరని నేనే తిన్న."

వాళ్లింట్లో కొత్త పంటని ముందుగా, చనిపోయిన పెద్దలకు పెడతారు. ఆ ఆకుల్ని మర్నాడు పశువులకు వేస్తారు. గట్టిగా తిడదామనే అనుకున్నాను. కళ్లు తుడుచుకుని వెళ్లి డాక్టరుగారికి చెప్పాను.

ఫలితాలూ అదే తేల్చాయి. రిజెక్షన్ కాదు, ఇన్‌ఫెక్షన్. సరైన మందు పడింది. లేచి కూర్చున్న కన్నమ్మకు నాకు తెలిసినంతలో విడమరిచి చెప్పాను. పేగు గోడలో పేయర్స్ ప్యాచెస్ అని రక్షణ కణాల గుంపులుంటాయి.

"కొత్తల్ల అవి ఆ అబ్బాయివే. రానురాను నీ ఒంట్లో కణాలే వచ్చి అక్కడ చేరినయ్. గోడ ఆ అబ్బాయిది, కాపలా నీవాళ్లది. పరాయి గోడని కూలగొట్టకుండ మాత్రలతో వాళ్లని జోకొడుతున్నం. నిద్రమత్తులో ఉన్నోళ్లు పాచిన కూడుతో వచ్చే రోగాన్ని ఎట్ల ఆపుతరు?"

ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుంది. "అంటే మావోళ్లు వానింట్ల ఉంటున్నరా?"

"అవ్."

"మరి ఇగ వాటా పెట్టొద్దా అక్కా?" ఆ గొంతులో జబ్బు కన్నా పెద్ద దిగులుంది.

"పెట్టు. పొయ్యి మీంచి దించంగనే పెట్టు, వేడిగ ఉన్నప్పుడే తిను."

అంతవరకు నా పేషెంట్లకు ఏం తినకూడదో చెప్పి పంపేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఎవరెవరికి పెడతారో కూడా అడుగుతున్నాను. అది నాకు నేర్పింది కన్నమ్మే, ఆమెకు రుణపడి ఉన్నాను.

మరుసటి ఏడాది పండుగయ్యాక నవ్వుకుంటూ వచ్చింది. పొగలు కక్కే అన్నం వాడి పేరు మీద పెట్టుకుని తిన్నదట.

"పేరే తెల్వదు గద, ఏమని పిలిచినవ్?" అన్నాను.

"బువ్వకు రా తమ్మీ అన్న."