బ్యాటరీ తీసేశాక వెలిగిన జీపీఎస్

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. కార్లకు కరెంటు పని చేసేవాణ్ని. వైరు తెగితే దీపం ఆరిపోతుంది, అతికిస్తే వెలుగుతుంది. ముప్ఫై ఏళ్లు ఇదే చూశాను. ఫ్యూజు మాడిపోతే బండికి దిష్టి తగిలిందనేవాళ్లను మొహం మీదే తిట్టేవాణ్ని. అలాంటి నేను ఇది రాయడానికి కూర్చున్నానంటే నాకే సిగ్గుగా ఉంది.

రెండు వేల తొమ్మిది మొదట్లో సంగతి. విజయవాడ భవానీపురంలో నా షాపు. కార్లలో దారి చూపించే జీపీఎస్ పెట్టెలు అప్పుడప్పుడే వస్తున్నాయి. అద్దానికి అంటించుకుని, సిగరెట్ లైటర్ సాకెట్లో ఛార్జర్ గుచ్చుకునేవాళ్లు. రిపేరుకు వచ్చేవన్నీ దాదాపు ఛార్జింగ్ గొడవలే. సాకెట్లో చిలుము పట్టడం, ఛార్జర్ మొనలోని ఫ్యూజు పోవడం, పెట్టె వెనకాల పిన్ను వదులవడం. అంతకుమించి ఏమీ ఉండేది కాదు.

ఒక రోజు పొద్దున్నే నాగమణి అనే ఆవిడ అలాంటి పెట్టె ఒకటి చేతిసంచిలో పెట్టుకుని వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. ఆవిడ భర్త వెంకటరత్నం చేపల వ్యాపారి. చెరువుల దగ్గర చేపలు కొని లారీలకెత్తించేవాడు. ఇంట్లోంచి కారులో వెళ్లి నెల దాటింది, తిరిగి రాలేదు. కారు ఒక్కటే ఇబ్రహీంపట్నం దగ్గర రోడ్డు పక్కన దొరికింది, ఈ పెట్టె అందులోదే. పోలీసులు ఆ చుట్టుపక్కలంతా వెతికి ఊరుకున్నారు.

"మా ఆయన ఏ చెరువు కాడ ఆగినా దీన్లో మ్యాపు మీద గుర్తుగా జెండా పెట్టుకునేవారండీ. ఆఖర్న ఎక్కడాగారో ఇదే చూపిద్ది. ఒక్కసారి వెలిగితే చాలండీ, అన్నయ్యగారూ" అంది.

ఎవత్తినో తీసుకుని పారిపోయాడని చుట్టాలు సగం మంది అంటున్నారట. పోయాడులే, ఇంక ఆ బొట్టు తీసెయ్యమని మిగతా సగం. "ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలియక చస్తన్నానండీ" అంది. సాయంత్రానికి వెలిగిస్తాను, వెళ్లిరామ్మా అన్నాను. అంత ధీమాగా ఎందుకన్నానో!

ముందు ఛార్జర్ చూశాను. బల్ల మీద ఉండే పన్నెండు వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే టెస్ట్ ల్యాంపు నిక్షేపంగా వెలిగింది. కేబుల్ మార్చాను. వెనకాల పిన్నుకు మళ్లీ టంకం పెట్టాను. పెట్టె మీద ఛార్జింగ్ ఎర్రలైటు అర నిమిషం వెలిగేది, ఆరిపోయేది. మధ్యాహ్నం దాకా ఇదే తంతు. చిరాకెత్తింది.

ఇక్కడే నేను చేసిన వెధవ పని చెప్పాలి. మా పనిలో అందరికీ ఒక అలవాటుంది. ఏ పెట్టె మొరాయించినా వెనకాల చిన్న కంతలో పిన్నీసు గుచ్చి రీసెట్ కొట్టేస్తాం. ఆలోచించను కూడా లేదు, చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది. నొక్కి పట్టుకున్నాను. తెర వెలిగింది. సంతోషం వేసింది కూడా. తీరా చూస్తే ఏ భాష కావాలని అడుగుతోంది, కొత్త పెట్టెలాగా. జెండాలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ మరుక్షణమే తెర మళ్లీ ఆరిపోయింది.

ఇంకేం చేస్తాను? విప్పి చూస్తే బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. ఊడదీసి అవతల పెట్టాను. కేబుల్ కూడా పీకేశాను. పెట్టె ఒక్కటే బల్ల మీద వెల్లకిలా ఉంది. అప్పటికే కరెంటు కోత, షాపులో ఫ్యాను కూడా తిరగడం లేదు. ఆవిడకి ఏం చెప్పాలా అని తల పట్టుకుని కూర్చున్నాను.

మూడు గంటలప్పుడు తెర వెలిగింది.

మెరిసి ఆరిపోవడం కాదు. పక్క కొట్టువాడు టీ గ్లాసు పెట్టి వెళ్లాడు, నేను తాగకుండా చూస్తూ ఉన్నాను. టీ మీద మీగడ కట్టేదాకా వెలుగుతూనే ఉంది. అప్పటి మ్యాపుల్లో మన కాలువ గట్లు ఉండేవి కావు. అంతా తెల్లగా ఖాళీ. ఆ ఖాళీలో ఒకే ఒక్క జెండా. దగ్గర్లో ఊరి పేరు చల్లపల్లి అని ఉంది. కింద ఆ చోటు అక్షాంశం, రేఖాంశం అంకెల్లో. ఫోన్ నంబర్లు రాసుకునే గోడ మీదే పెన్సిలుతో ఆ అంకెలు రాసుకున్నాను. రాయడం అయ్యాక ఆరిపోయింది. చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉంది.

సాయంత్రం నాగమణి వచ్చింది. గుమ్మం దగ్గర నుంచే నా మొహంలోకి చూసింది.

"వెలగలేదమ్మా. లోపలంతా పోయింది" అన్నాను.

చెబితే, చెరిపేశానని కూడా చెప్పాలి. చెరిపేశాక, బ్యాటరీ లేకుండా వెలిగిందంటే పిచ్చివాడనుకుంటుంది. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణాలివి. పెట్టె మీ దగ్గరే ఉంచండి, మళ్లీ ప్రయత్నించండి అని ఆవిడ వెళ్లిపోయింది.

మనసు ఊరుకోలేదు. ఆ ఆదివారం తెలిసినవాళ్ల జీపీఎస్ అడిగి తీసుకుని, అందులో ఆ అంకెలు కొట్టి, స్కూటర్ మీద వెళ్లాను. చల్లపల్లి దాటాక కాలువ గట్టు మీద ఒక పాత తూము దగ్గర ఆగమంది. కాలువ నిండా నీళ్లు, నీళ్ల మీద గుర్రపుడెక్క. ఎంతసేపు చూసినా ఏముంది కనబడ్డానికి? నా తిక్క అనుకుని వెనక్కి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

వేసవిలో కాలువలు కట్టేశారు. మరమ్మతుల కోసం ఏటా బ్యారేజీ దగ్గర నీళ్లు ఆపేస్తారు కదా. పది రోజులకు కాలువ అడుగు బయటపడింది. బురదలో మనిషి ఎముకలు కనబడితే గేదెలు కాసేవాళ్లు పోలీసులకు చెప్పారట. పేపర్లో ఫోటో చూశాను. అదే తూము. చేతి ఉంగరాన్ని బట్టి వెంకటరత్నమే అని తేల్చారు. కారు ఇబ్రహీంపట్నంలో, మనిషి డెబ్భై కిలోమీటర్లకు పైగా అవతల చల్లపల్లి దగ్గర. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఈనాటికీ తేలలేదు.

ఉబ్బిన బ్యాటరీ అవతల, పెట్టె ఇవతల. తుడిచేసిన జెండా తెర మీదకు ఎలా వచ్చింది? ఇంజనీర్లను అడిగాను. లోపల కొద్దిగా కరెంటు మిగిలి ఉంటుందన్నారు. అది రెప్పపాటు కూడా ఉండదని నాకు తెలుసు. వాళ్లకూ తెలుసు. ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.

దినవారాలయ్యాక నాగమణి పెట్టె తీసుకోవడానికి వచ్చింది. నుదురు బోసిగా ఉంది. నేను తలెత్తలేకపోయాను.

"మూడు నెలలు రోజూ ఆయనకి కూడా అన్నం వండానండీ" అంది. పెట్టె సంచిలో పెట్టుకుంటూ అడిగింది. "ఆ రోజు ఒక్క నిమిషమన్నా వెలగలేదా, అన్నయ్యగారూ?"

"లేదమ్మా" అన్నాను.

"పోన్లెండి. మీరు చెయ్యాల్సిందంతా చేశారు" అని నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.